పేషీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు: చట్టం దాటిన ఆదేశాన్ని ఫైలు మీద ఎలా ఎదుర్కోవాలి

ప్రజాస్వామ్యానికి గండి కొట్టే ఆదేశం సాధారణంగా కాగితం మీద రాదు. ఫోన్‌లో వస్తుంది, రివ్యూ మీటింగ్ అయ్యాక కారిడార్‌లో వస్తుంది, "సార్ చెప్పమన్నారు" అంటూ మంత్రిగారి ఓఎస్డీ (ప్రత్యేక విధుల అధికారి) నోటి నుంచి వస్తుంది. కాగితం మీదికి చేరేది మీ సంతకం ఒక్కటే. ఏళ్ల తర్వాత కోర్టు పిలిచేదీ ఆ సంతకం చేసినవాళ్లనే. తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు, ఎస్సై, మున్సిపల్ కమిషనరు, సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు ఇలాంటి సందర్భంలో ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో ఇక్కడ చూద్దాం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పద్ధతి మారదు.

ముందు ఆదేశం ఏ రకమో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీకు నచ్చని ప్రతి విధానమూ ప్రజాస్వామ్య వ్యతిరేకం కాదు. కొత్త మద్యం విధానం తప్పని మీకు అనిపించవచ్చు, ఒక పథకం ఖజానాకు భారమనిపించవచ్చు. ఎన్నికైన ప్రభుత్వం తన అధికార పరిధిలో చట్టప్రకారం తీసుకున్న నిర్ణయమైతే మీ అభిప్రాయం నోట్‌ఫైల్లో (ఫైలులో అధికారులు అభిప్రాయాలు రాసే భాగంలో) రాయండి, తర్వాత అమలు చేయండి. ఓటేసి గెలిపించింది మిమ్మల్ని కాదు కాబట్టి అలాంటి విధానానికి మీరు అడ్డుపడితే ప్రజాస్వామ్యానికి అదీ చేటే.

ఆదేశం రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఆదేశం ఇచ్చే అధికారం ఆ వ్యక్తికి ఉందా? ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారు? దీనివల్ల ఎవరి ఓటు, మాట, స్వేచ్ఛ, ఇల్లు పోతాయి, పోయేముందు వాళ్లకు నోటీసు అందుతుందా? మొదటి రెంటికీ జవాబు దొరికితే అది విధానం. దొరక్కపోతే అది చట్టవిరుద్ధ ఆదేశం. మొదటి రెంటికీ జవాబు ఉండి మూడోదాని దగ్గర ముల్లు గుచ్చుకుంటుంటే, చట్టం చేతిలో ఉన్నా వాడకం వంకరగా ఉందన్నమాట. అన్నిటికన్నా చిక్కు ఈ మూడో రకంతోనే. అమీతుమీ తేల్చుకునే వ్యవహారం కాదది, నోటింగ్ రాసే పనితనం మీద నడుస్తుంది.

పేషీకి, అంటే మంత్రి కార్యాలయ సిబ్బందికి, స్వతంత్రంగా ఆదేశాలిచ్చే అధికారం లేదన్నది గుర్తుంచుకోండి. రాష్ట్రంలో ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం గవర్నర్ పేరు మీద, బిజినెస్ రూల్స్‌కు లోబడి వెలువడాలి. మంత్రిగారి ఆప్త కార్యదర్శి ఫోన్ సమాచారం మాత్రమే, ఆదేశం కాదు.

నోటిమాటను కాగితం మీదికి తెప్పించడం

అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1968లోని 3వ నియమం ఈ విషయంలో సూటిగా ఉంది. పై అధికారి ఆదేశం మామూలుగా లిఖితపూర్వకంగానే ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువీకరించాలి. కింది అధికారి కూడా వీలైనంత త్వరగా ఆ ధ్రువీకరణ అడగాలి, అడిగితే ఇవ్వడం పై అధికారి విధి. కేంద్ర ఉద్యోగుల 1964 నియమావళిలోనూ ఇదే ఉంది. రాష్ట్ర ఉద్యోగులు 2013 అక్టోబరు 31న టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆధారంగా చూపించవచ్చు. నోటిమాట మీద పనిచేయడం అధికారులకే ప్రమాదమని, ఆదేశాలు రికార్డు కావాలని, రికార్డే లేకపోతే సమాచార హక్కు చట్టానికి అర్థం ఉండదని కోర్టు అందులో చెప్పింది.

రాయకపోతే ఏమవుతుందో ఎమర్జెన్సీ చూపించింది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేయమన్న ఆదేశం విద్యుత్ సంస్థ అధికారికి నోటిమాటగానే అందింది. ఆ రోజుల్లో నిర్బంధ ఉత్తర్వులకు వెనకటి తేదీలు వేయడం, పట్టుకెళ్లాక కారణాలు అల్లడం ఎమర్జెన్సీ అకృత్యాలను విచారించిన షా కమిషన్ 1978 నివేదికల్లో బయటపడ్డాయి. చెప్పినవాళ్లు "నేను అలా అనలేదు" అనగలిగారు. సంతకాలు చేసినవాళ్లకు ఆ వెసులుబాటు లేకపోయింది.

రాసే తీరు ఇలా ఉండాలి. ఫోన్ పెట్టేసిన గంటలోపు, అదే రోజు, అధికారిక ఈమెయిల్‌లోనో ఈ-ఆఫీస్‌లోనో:

"ఈ రోజు ఉదయం 10.40 గంటలకు తమరు ఫోన్‌లో ఇచ్చిన ఆదేశం నేను అర్థం చేసుకున్న మేరకు ఇది: ఫలానా గ్రామంలోని ఫలానా సర్వే నంబరులో నిర్మాణాలను రేపు ఉదయంలోగా తొలగించాలి. సదరు నిర్మాణదారులకు నోటీసు జారీ అయినట్టు ఈ కార్యాలయ రికార్డులో లేదు. తొలగింపు ఏ చట్టం, ఏ సెక్షన్ కింద చేపట్టాలో తెలియజేస్తూ ఆదేశాన్ని లిఖితపూర్వకంగా ధ్రువీకరించవలసిందిగా కోరుతున్నాను. ధ్రువీకరణ అందేవరకు ప్రస్తుత స్థితిని కొనసాగిస్తాను."

ఇంతే. ఇందులో ఆరోపణ, విశేషణం, "ఒత్తిడి" అన్న మాట ఏవీ లేవు. నేను అర్థం చేసుకున్న మేరకు అన్న మాట మాత్రం తీసేయకండి. పై అధికారి వెనక్కి తగ్గడానికి అది గౌరవంగా దారి ఇస్తుంది. "నేను అలా అనలేదు, నోటీసు ఇచ్చాకే చేయమన్నాను" అని ఆయన జవాబు రాశారంటే మీ పని అయిపోయినట్టే. ఇలాంటి ఉత్తరాలు చాలావాటికి జవాబే రాదు, ఆదేశం చప్పుడు లేకుండా అటకెక్కుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, మొదటిది ఆలస్యం. పని చేసేశాక మూడు రోజులకు రాసిన ఉత్తరం సాకులా కనిపిస్తుంది. రెండోది వాట్సాప్ మీద భరోసా. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అన్న బటన్ ఒకటుందని మర్చిపోకండి. ఆదేశం వాట్సాప్‌లో వస్తే దాన్ని ప్రస్తావిస్తూ అధికారిక మెయిల్ పెట్టండి. మూడోది, ప్రతి చిన్న పనికీ ధ్రువీకరణ అడగడం. మీకే అధికారం ఉన్న విషయంలో పైవాళ్ల సూచన కోరడం బాధ్యత తప్పించుకోవడమేనని కేంద్ర నియమావళి వివరణలోనే ఉంది. ఈ ఆయుధం నెలకోసారి తీస్తే మొద్దుబారుతుంది.

నోటింగ్ ఎలా రాయాలి

అసంతృప్తి వెళ్లగక్కేది నోటింగ్ కాదు. రేపు హైకోర్టులో న్యాయమూర్తి, ఎల్లుండి విచారణాధికారి, ఆ తర్వాత సమాచార హక్కు కింద ఒక విలేకరి దాన్ని చదువుతారు. ఫైలు నోటింగులు ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: జరిగింది ఏమిటి, వర్తించే చట్టం ఏమిటి, ఆ అంశం మీద తీర్పు ఉంటే ఏమంది, ప్రతిపాదించిన చర్య తీసుకుంటే ఏమవుతుంది, అదే లక్ష్యాన్ని చట్టబద్ధంగా సాధించే వేరే దారి ఏమిటి, చివరగా మీ సిఫారసు.

అయిదో అంశం ఉండటమో లేకపోవడమో ఫైలు తలరాత మారుస్తుంది. "వీలుకాదు" అని ఆపేస్తే ఫైలు మీ దగ్గర నుంచి లాగేసి మరొకరికి ఇస్తారు. "ఇలా వీలుకాదు, ఇలా వీలవుతుంది" అంటే కనీసం చదువుతారు. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో తొక్కిసలాటలో 8 మంది చనిపోయాక, 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 ఇచ్చింది. ప్రజల ప్రాణాల గురించిన ఆందోళన నిజమే. కానీ ఆంక్ష మరీ విశాలం కావడంతో 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అలాంటి ఫైలు మీ ముందుకొస్తే రోడ్డు వెడల్పు, జనం సంఖ్య, బారికేడ్లు, అనుమతి గడువు ఆధారంగా ఒక్కో దరఖాస్తును విడిగా పరిశీలించే ముసాయిదా తయారుచేసి నోటుకు జతపరచండి. నిషేధమా, అరాచకమా అన్న రెండే దారులు ఉన్నట్టు ఫైలు పైకి వెళ్లకూడదు.

ఈ-ఆఫీస్‌లో ఒక చిన్న సంగతి. పసుపు నోటు చిత్తుప్రతి, దాన్ని దిద్దవచ్చు, తీసేయవచ్చు. ఆకుపచ్చ నోటు శాశ్వతం. మీ అభ్యంతరం పసుపు నోటులోనే ఉండిపోతే రికార్డులో లేనట్టే. కాగితం ఫైళ్లు నడిచే చోట నోట్‌ఫైల్ పేజీలకు వరస నంబర్లు వేసి, తేదీతో పొడి సంతకమైనా చేయండి. మధ్యలో పేజీ మార్చడం అప్పుడు కష్టమవుతుంది. "చర్చించినట్టుగా" అనే ఒక్క మాటతో ఫైలు తిరిగొస్తే, ఏం చర్చించారో మీరే రెండు వాక్యాల్లో రాసి మళ్లీ పైకి పంపండి. ఆ ఒక్క మాట చాటున జరిగిన తప్పులకు సచివాలయాల్లో లెక్కలేదు.

మీ నోటును కాదని పైవాళ్లు వేరే నిర్ణయం తీసుకుంటే? అది చట్టపరిధిలో ఉంటే అమలు చేయండి, మీ నోటు రికార్డులో ఉంది. చట్టవిరుద్ధమే అనిపిస్తే న్యాయశాఖ అభిప్రాయానికి పంపమని కోరండి, ఆ పైన ప్రధాన కార్యదర్శికి రాయండి, చివరికి ఆ పని నుంచి తప్పించమని అడగండి. "పై అధికారి చెప్పారు కాబట్టి చేశాను" అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవాలంటే భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్ చూడండి. చట్టం చేయమన్న పనికి రక్షణ ఉంది. వాస్తవాన్ని పొరబడి, చట్టం చేయమంటోందని నమ్మి చేస్తే రక్షణ ఉంది. చట్టాన్నే పొరబడితే లేదు. చట్టవిరుద్ధమని తెలిసీ దురుద్దేశంతో ఒకరిని నిర్బంధిస్తే 258వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు.

పీడీ యాక్ట్ ఫైలు మీ బల్ల మీదికొస్తే

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తెలుగు రాష్ట్రాల్లో సంతకం విలువ ఇంత కచ్చితంగా తెలిసే ఫైలు మరోటి లేదు. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం కింద జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరు ఒక మనిషిని విచారణ లేకుండా 12 నెలల వరకు లోపల పెట్టించగలరు. తెలంగాణలో ఈ చట్టం వాడిన తీరును సుప్రీంకోర్టు వరసగా తప్పుపట్టింది: 2022 ఏప్రిల్‌లో మల్లాడ శ్రీరామ్ కేసు, 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసు, 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసు. ఈ మూడు తీర్పులూ చదవకుండా నిర్బంధ ఉత్తర్వు మీద సంతకం పెట్టకండి.

పోలీసుల ప్రతిపాదన రాగానే చూడాల్సింది, ఆరోపించిన నేరాలు శాంతిభద్రతల సమస్యా లేక ప్రజాశాంతికి భంగమా అన్నది. ఈ రెంటికీ మధ్య గీతను 1965లోనే రామ్‌మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు గీసింది. ఇద్దరి మధ్య గొడవ, ఒకరికి జరిగిన మోసం మొదటి కోవలోకి వస్తాయి, వాటికి మామూలు క్రిమినల్ చట్టం చాలు. ఊరూ వాడా జీవనం స్తంభించేంత ప్రభావం ఉంటేనే రెండోది. మల్లాడ శ్రీరామ్ కేసు ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేశాడన్న ఆరోపణ. పైగా ఎఫ్ఐఆర్ నమోదైన దాదాపు ఏడు నెలలకు నిర్బంధ ఉత్తర్వు ఇచ్చారు. అంత ఆలస్యమయ్యాక "తక్షణ అవసరం" అంటే కోర్టు ఒప్పుకోదు.

తర్వాత బెయిలు. చాలా ప్రతిపాదనల్లో అసలు సంగతి, నిందితుడికి బెయిలొచ్చింది, మళ్లీ లోపల పెట్టాలి. అదే కారణమైతే బెయిలు రద్దుకు పైకోర్టుకు వెళ్లమని రాసి ఫైలు తిప్పి పంపండి. బెయిలు ఉత్తర్వు ప్రతి మీ ముందు పెట్టకపోతే అడిగి తెప్పించుకోండి. దాన్ని చూడకుండా చేసిన సంతకం మనసు పెట్టకుండా చేసినదే అవుతుంది. కారణాల పేరాలు పోలీసుల ప్రతిపాదన నుంచి ఉన్నదున్నట్టు దింపితే కూడా అంతే. అక్షర దోషాలతో సహా కాపీ అయినవి కోర్టుల ముందుకెళ్లిన సందర్భాలు ఉన్నాయి.

గడువులు గోడ మీద అంటించుకోండి. కారణాలు 5 రోజుల్లోపు నిర్బంధితుడికి అందాలి, ఆయనకు వచ్చిన భాషలో. తెలుగు మాత్రమే చదవగలిగినవాడికి ఇంగ్లిషు కాగితాల కట్ట ఇస్తే, తన వాదన చెప్పుకునే 22(5) అధికరణపు హక్కును కాజేసినట్టే. ప్రభుత్వ ఆమోదం 12 రోజుల్లో, సలహామండలికి 3 వారాల్లో, మండలి నివేదిక 7 వారాల్లో. ఒక్క గడువు తప్పినా ఉత్తర్వు నిలవదు.

రాజకీయ ప్రత్యర్థి మీద ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రత్యేకంగా ధైర్యం చేయాల్సిన పని లేదు. పై పరీక్షలే నిదానంగా రాస్తూ పొండి, ఫైలు దానంతట అదే వీగిపోతుంది.

గృహ నిర్బంధం, ఇంటర్నెట్ బంద్, కూల్చివేత

ధర్నాకు ముందురోజు రాత్రి నాయకుల ఇళ్ల ముందు పోలీసులు నిలబడటం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. హౌస్ అరెస్ట్ అనే అధికారం పోలీసులకు పౌర సురక్షా సంహితలో ఎక్కడా విడిగా లేదు. 170వ సెక్షన్ ఉంది: కాగ్నిజబుల్ నేరం చేయబోతున్నట్టు తెలిసి, వేరే మార్గంలో ఆపలేకపోతేనే అరెస్టు, అదీ 24 గంటలు. స్టేషన్ హౌస్ ఆఫీసరుగా మీకు ఆదేశం వస్తే ఎవరు, ఎప్పుడు, ఏ నేరం గురించి చెప్పారో జనరల్ డైరీలో ఎక్కించండి, ఆ నేత చేతికి కారణాలతో నోటీసు ఇవ్వండి. ఏ నేరమో రాయలేకపోతున్నారంటే ఆ ఇంటి ముందు మీరు నిలబడకూడదు.

ఇంటర్నెట్ ఆపమని కలెక్టరు నోటిమాటగా టెలికాం కంపెనీలకు చెప్పడం కుదరదు. ఆ అధికారం కేంద్ర, రాష్ట్ర హోం కార్యదర్శులది. ఉత్తర్వు 15 రోజులకు మించకూడదు, సమీక్ష కమిటీ ముందుకు వెళ్లాలి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ తీర్పు తర్వాత ఈ ఉత్తర్వులను ప్రచురించడం తప్పనిసరి. పాత 144, ఇప్పటి 163వ సెక్షన్ ఉత్తర్వులకూ అదే తీర్పు వర్తిస్తుంది.

కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జేబులో పెట్టుకుని తిరగాల్సిందే. 15 రోజుల నోటీసు, విచారణ, కారణాలతో ఉత్తర్వు, ఆ తర్వాత మరో 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో. ఉల్లంఘిస్తే పునర్నిర్మాణ ఖర్చు అధికారి సొంత జేబులోంచి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైల్వే లైను పక్కన, నదులు, చెరువుల్లోని ఆక్రమణలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. ఈ మినహాయింపు చూసుకుని తొందరపడేవాళ్లే ఎక్కువ. చెరువు అన్నంత మాత్రాన సరిపోదు, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే మేర) హద్దుకు తుది నోటిఫికేషన్ ఉందా, కోర్టులో స్టే ఉందా చూడాలి. ఆ తీర్పుకు ముందే, 2024 సెప్టెంబరు 30న అమీన్‌పూర్‌లో ఆదివారం నాటి కూల్చివేత మీద తెలంగాణ హైకోర్టు, హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా కమిషనరునూ అక్కడి తహసీల్దారునూ నిలదీసింది. సెలవురోజు, శుక్రవారం సాయంత్రం వచ్చే ఆదేశాలను అనుమానంతోనే చూడండి, కోర్టుకు వెళ్లే వ్యవధి ఇవ్వకూడదన్న ఉద్దేశం తరచు ఆ టైమింగ్‌లోనే ఉంటుంది.

ఓటర్ల జాబితా

ఈ పనిలో ఉన్నంతకాలం మీరు ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 13సీసీ ఆ మాట చెబుతుంది. కాబట్టి ఓటర్ల జాబితా విషయంలో ఎమ్మెల్యే మాటకే కాదు, మీ శాఖాధిపతి మాటకు కూడా విలువ లేదు. స్థానిక ఎన్నికల్లో 243కె అధికరణం కింద ఆ స్థానం రాష్ట్ర ఎన్నికల సంఘానిది. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికల వేళ ప్రభుత్వం ఒకవైపు, కమిషనరు మరోవైపు లాగితే ఉద్యోగులు మధ్యలో నలిగారు. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఉద్యోగ సంఘాల పిటిషన్లు కొట్టేశాక ఎన్నికలు జరపక తప్పలేదు.

ఫారం 7 (ఓటరు పేరు తీసేయమనే దరఖాస్తు) తొలగింపులలో చేయాల్సింది ఇది. ఒకే వ్యక్తి ఐదుకు మించి అభ్యంతరాలు పెడితే ఓటరు నమోదు అధికారి (ఈఆర్వో)గా మీరే స్వయంగా విచారించాలి. ప్రతి ఓటరుకూ నోటీసు, బీఎల్వో (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) ఇంటికెళ్లి చేసిన విచారణ నివేదిక, చుట్టుపక్కలవాళ్ల పంచనామా, కారణంతో ఉత్తర్వు ఉండాలి. "చిరునామాలో లేరు" అన్న ముద్ర కొట్టి వందలు తీసేస్తే 32వ సెక్షన్ కింద కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు ఉంది. ఉరవకొండ ఓట్ల తొలగింపు వ్యవహారంలో 2023లో అనంతపురం జడ్పీ సీఈవో సస్పెండయ్యారు. బీఎల్వోలు ఎక్కువగా అంగన్వాడీ కార్యకర్తలు, టీచర్లు, సచివాలయ ఉద్యోగులు. ఊళ్లో నాయకుడి కళ్లెదుట బతికేవాళ్లు. మీరు ఈఆర్వో అయితే వాళ్లకు నోటితో ఏమీ చెప్పకండి, ప్రతిదీ మెమో ఇవ్వండి. మీకు కావాల్సిన రక్షణే వాళ్లకూ కావాలి.

లాగిన్, డిజిటల్ సంతకం కీ డేటా ఎంట్రీ ఆపరేటరు దగ్గర వదిలేయడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్న జబ్బు. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక సమయంలో ఈఆర్వో లాగిన్ నుంచి వేల ఓటరు కార్డులు డౌన్‌లోడ్ అయిన వ్యవహారంలో, అప్పుడు ఆ బాధ్యతలో ఉన్న ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. దాదాపు మూడేళ్ల తర్వాత. ఓటీపీ ఇంకొకరికి చదివి వినిపించడమంటే తెల్ల కాగితం మీద సంతకం పెట్టివ్వడమే.

కోర్టు ఉత్తర్వు వచ్చాక

ఇక చర్చలేదు, గడువులోగా అమలు చేయాలి, లేదా స్టే తెచ్చుకోవాలి. అప్పీలు వేస్తున్నామన్నది స్టే కాదు. పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు వేయడాన్ని 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తప్పుపడితే, మరో రంగు కలిపి జీవో 623 తెచ్చారు. ధిక్కరణ నోటీసు ప్రధాన కార్యదర్శి దాకా వెళ్లింది, చివరికి జూన్ 3న సుప్రీంకోర్టులోనూ ఓడి రంగులు తీసేయాల్సి వచ్చింది. పాఠశాలల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు కట్టవద్దన్న ఉత్తర్వు అమలు కానందుకు 2022 మార్చి 31న అదే హైకోర్టు 8 మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలుశిక్ష వేసి, క్షమాపణ చెప్పాక నెలకో ఆదివారం చొప్పున ఏడాదిపాటు సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని మార్చింది. రంగు వేయమన్నవాళ్లు గానీ, బడిలో కట్టమన్నవాళ్లు గానీ బోనెక్కలేదు.

ఉత్తర్వు అందిన రోజే గవర్నమెంట్ ప్లీడరు అభిప్రాయం అడగండి, అమలుకు తేదీల పట్టిక వేసి పైకి పంపండి, నిధులో అనుమతో కావాలంటే ఆ ఉత్తరంలోనే అడగండి. జాప్యం ఎవరి బల్ల మీద జరిగిందో అప్పుడు రికార్డే చెబుతుంది.

కక్షసాధింపు ఎలా ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది

మొదట బదిలీ, తర్వాత "జీఏడీలో (సాధారణ పరిపాలన శాఖలో) రిపోర్ట్ చేయండి" అంటూ పోస్టింగ్ లేకుండా ఉంచడం, ఆ తర్వాత సస్పెన్షన్, పాత ఫైళ్లు తవ్వి చార్జి మెమో. బదిలీ మీద కోర్టుకెక్కితే సాధారణంగా గెలవరు, డబ్బూ ఓపికా దండగ. సస్పెన్షన్ వేరు. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు, చార్జి మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ మూడు నెలలు దాటకూడదంది. ఆ తేదీ క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని, దాటిన మర్నాడే దరఖాస్తు పెట్టండి. జీవనభృతిగా మొదట సుమారు సగం వేతనం వస్తుంది, మూడు నెలల తర్వాత సమీక్షించి పెంచవచ్చు. వేరే ఉద్యోగం చేయడం లేదన్న ధ్రువపత్రం నెలనెలా ఇవ్వకపోతే అదీ ఆగిపోతుంది. ఇంటి అప్పు వాయిదాలున్నవాళ్లు ఆరు నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోవడం మంచిది. ధైర్యం సగం అక్కడినుంచే వస్తుంది.

అఖిల భారత సర్వీసు, కేంద్ర ఉద్యోగులు క్యాట్‌కు (కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు) వెళ్లాలి, ఏడాదిలోపు. ముందు శాఖాపరమైన అప్పీలు వేసి ఆరు నెలలు చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ట్రైబ్యునళ్లు రద్దయ్యాయి కాబట్టి రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టులో రిట్ వేస్తారు. ఎంతకాలం పడుతుందో దాచడం ఎందుకు? ఐపీఎస్ అధికారి ఏబీ వెంకటేశ్వరరావును 2020 ఫిబ్రవరిలో సస్పెండ్ చేస్తే, రెండేళ్లకు మించి సస్పెన్షన్ చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. జూన్‌లో మళ్లీ సస్పెండ్ చేశారు. 2024 మేలో క్యాట్ దాన్ని కొట్టేశాక, మే 31న బాధ్యతలు తీసుకుని అదే రోజు రిటైరయ్యారు. ఆయన మీది ఆరోపణల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, గెలుపు ఎంత నెమ్మదిగా వస్తుందో లెక్కవేసుకోవడానికి ఈ తేదీలు పనికొస్తాయి.

చేయకూడనివి

ఫైలు ఫొటో తీసి విలేకరికి పంపకండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదైనా ఇంకా బతికే ఉంది, పైగా అసలు విషయం మరుగునపడి లీకే వార్త అవుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో అవినీతిని బయటపెట్టాలంటే 2004 తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు మూసిన కవరులో, పేరుతో రాయవచ్చు, పేరు గుట్టుగా ఉంచుతారు. 2014లో పార్లమెంటు ఆమోదించిన విజిల్ బ్లోయర్స్ చట్టాన్ని మాత్రం నమ్ముకోవద్దు, అది ఇంకా అమల్లోకి తేలేదు.

ఫైలును సొరుగులో పెట్టి నాన్చడం కొందరికి తెలివిగా కనిపిస్తుంది. పట్టుబడితే అది నిర్లక్ష్యం కింద లెక్క, అభ్యంతరం కింద కాదు. ఫేస్‌బుక్‌లో ప్రభుత్వ విధానం మీద వ్యంగ్యం రాయడమూ అంతే, ప్రవర్తనా నియమావళి కింద చేతికి దొరికిపోతారు.

రాజీనామా చివరి మెట్టు. ఇచ్చిన రోజే స్వేచ్ఛ రాదు, ఆమోదం పొందేదాకా మీరు ఉద్యోగే. 2019 ఆగస్టులో ఐఏఎస్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించిన కణ్ణన్ గోపీనాథన్ రాజీనామా ఏళ్ల తరబడి ఆమోదం పొందలేదు. రిటైరయ్యాక దారులు ఎక్కువ. కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసిన ఈఏఎస్ శర్మ, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం సల్వాజుడుం కేసులో పిటిషనర్లలో ఒకరు, 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ దళాన్ని చెల్లదంది.

బదిలీ ఉత్తర్వు చేతికందిన రోజు

తొందరగా రిలీవ్ చేసేయాలని చూస్తారు, సంతకం పెట్టేముందు రెండు గంటలు అడగండి. బాధ్యతల అప్పగింత పత్రానికి పెండింగ్ ఫైళ్ల జాబితా జతచేయండి. వివాదాస్పద ఫైళ్ల దగ్గర నోట్‌ఫైల్, కరెంట్‌ఫైల్ (ఉత్తర ప్రత్యుత్తరాల భాగం) చివరి పేజీ నంబర్లు వేయండి. మీరు ధ్రువీకరణ అడిగి జవాబు రాని ఉత్తరాలను తేదీలతో విడిగా చూపించండి. మీ పేరు మీద మీకు వచ్చిన మెమోలు, మీరు పంపిన వాటి అందిన రసీదులు మీవి, తీసుకెళ్లండి. ఫైలు ప్రతులు కావు, అవసరమైతే తర్వాత సమాచార హక్కు కింద అడగవచ్చు. డిజిటల్ కీ వెనక్కి ఇచ్చి రసీదు తీసుకోండి, ఈ-ఆఫీస్, ఓటర్ల జాబితా, రెవెన్యూ పోర్టళ్లలో మీ లాగిన్ ఆ రోజు ఎన్ని గంటలకు ఆపేశారో మెయిల్‌లో రాయించుకోండి.